కమ్మి నుంచి కేజీ వీల్ దాకా: బాన్సువాడ నేల మీద చక్రం

బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో బండికి ఏ చక్రం వేయాలన్నది ఏ కాలంలోనూ ఒక్క మాటలో తేలే ప్రశ్న కాలేదు. మంజీర దగ్గర్లో రేగడి ఉంది, మెరక మీద చల్క ఉంది, కాలువ కింద నెలల తరబడి నీళ్లు నిలిచే వరిమడి ఉంది, వీటన్నిటినీ కలుపుతూ రోడ్డు ఉంది. బురదలో దిగబడకుండా కదిలే చక్రం రోడ్డును కోస్తుంది. రోడ్డు మీద హాయిగా దొర్లే చక్రం మడిలో కూరుకుపోతుంది. నేలకో రకం చొప్పున రెండు జతల చక్రాలు పెట్టుకునే స్తోమత చాలామంది రైతులకు ఏనాడూ లేదు. ఉన్న డబ్బుతో ఏదో ఒక నేలను నమ్ముకుని చక్రం కొని, రెండో నేల మీద దాని ఇబ్బందిని భరించడమే ఇక్కడి ఆనవాయితీ. గత నూరేళ్లలో ఆ చక్రం కమ్మి తొడిగిన కట్టె చక్రంగా, రబ్బరు టైరుగా, బురదలో తిరిగే ఇనుప కేజీ వీల్‌గా మారుతూ వచ్చింది. ప్రతి మార్పులో ఖర్చు కొంత రైతు మీద పడింది, కొంత రోడ్డు మీద పడింది.

ఈ ఊరికి రైలు లేకపోవడం కూడా ఈ కథలో పెద్ద సంగతే. హైదరాబాద్ నుంచి మన్మాడ్ వైపు 1900 ప్రాంతంలో వేసిన గోదావరి లోయ రైలు మార్గం కామారెడ్డి, నిజామాబాద్‌ల మీదుగా సాగిపోయింది. బాన్సువాడ ఆ దారికి పడమటగా పక్కకు ఉండిపోయింది. ధాన్యం అమ్మాలన్నా, ఉప్పు తెచ్చుకోవాలన్నా, ఇల్లు కట్టడానికి టేకు దూలం తోలాలన్నా బండే దిక్కు. ఎద్దుల నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు కాబట్టి స్టేషన్‌కు పోయి రావడమంటే దారిలో ఒకటి రెండు రాత్రులు గడపాల్సిన పని. అంత దూరంలో చక్రం విరిగితే సరుకు దారిలోనే ఆగిపోతుంది. అందుకే బండి కొనేవాడు ముందుగా చూసేది ఎద్దుల్ని, ఆ వెంటనే చక్రాన్ని.

కట్టె చక్రం వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పని. నడుమ ఇరుసు దూరే లావుపాటి మొద్దు, దాని చుట్టూ బిగించిన ఆకులు, ఆకుల చివర్లను పట్టి ఉంచే వంపు ముక్కలైన పూటీలు, పూటీల మీద ఇనుప కమ్మి. కట్టెకు నల్లతుమ్మను మించింది లేదని పేరు. గట్టిది, బరువైంది, నీటికి తట్టుకుంటుంది, పైగా చెరువు గట్ల మీద, వాగు ఒడ్ల మీద దానంతటదే పెరుగుతుంది. కొట్టిన దుంగను నెలల తరబడి నీడన ఆరనివ్వాలి. పచ్చి కట్టెతో చేసిన చక్రం ఎండాకాలంలో కీళ్లు వదులై ఆకులు కదులుతాయి. మంచి వడ్రంగికీ తొందరపాటు వడ్రంగికీ తేడా ఈ ఆరబెట్టడం దగ్గరే తెలిసిపోయేది.

కమ్మి తొడగడం ఊళ్లో నలుగురు చేరి చేసే పని. చక్రం చుట్టుకొలత కన్నా కమ్మిని కాస్త చిన్నదిగా వంచి, రెండు కొనలను కలిపి కొలిమిలో అతికేవారు. దాన్ని నేల మీద పరిచి, చుట్టూ పిడకలు, కట్టెపుల్లలు పేర్చి, ఎర్రగా కాలేదాకా మంట పెట్టేవారు. కాలిన ఇనుము సాగుతుంది. ఆ వేడి మీదే ముగ్గురు నలుగురు పట్టుకార్లతో ఎత్తి, పక్కనే పడుకోబెట్టిన చక్రం మీద దించి, సుత్తులతో కొట్టి కూర్చోబెట్టేవారు. ఇనుము తాకిన చోటల్లా పూటీలు మాడి పొగ లేస్తుంది. కట్టె అంటుకోక ముందే కడవలతో నీళ్లు కుమ్మరించాలి. చల్లబడుతున్న కమ్మి బిగుసుకుంటూ పూటీలను పూటీల్లోకి, ఆకులను మొద్దులోకి నెడుతుంటే కీళ్లు కిర్రుమంటాయి. ఒక్క మేకు లేకుండా చక్రమంతటినీ ఒక్కటిగా పట్టి ఉంచేది ఆ బిగువే. ఒకే పనితనంలో వడ్రంగి కొలత, కమ్మరి కొలత రెండూ సరిపోవాలి. కమ్మి మరీ చిన్నదైతే ఆకులు వంగిపోతాయి, పెద్దదైతే నెల తిరగకముందే జారుతుంది. ఇంత నేర్పు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉండేదన్న సంగతిని గుర్తుచేసుకోవడం అవసరం.

వేసవిలో కట్టె కుంచించుకుపోయి కమ్మి వదులైతే చక్రాలను విప్పి చెరువులోనో వాగులోనో రాత్రంతా నానబెట్టేవారు. కట్టె ఉబ్బి మళ్లీ బిగుసుకునేది. ఇరుసుకు ఆముదంలో మసి కలిపిన కందెన పూసేవారు. ఇటువంటి మరమ్మతులకు చేతిలో డబ్బు అక్కర్లేదు. ఊరి వడ్రంగికి, కమ్మరికి పంట మీద ఏటా ఇచ్చే గింజల మేరలోనే చిల్లర పనులు కలిసిపోయేవి. కొత్త చక్రాల జత, కొత్త ఇనుము మాత్రం సాధారణంగా వేరే లెక్క. ఇనుము తూకానికి అమ్ముడుపోయేది కాబట్టి కమ్మి వెడల్పు, మందం పెరిగేకొద్దీ ధర పెరిగేది. బక్క రైతు సన్న కమ్మితో సరిపెట్టుకునేవాడు. సన్న కమ్మి బురదను కోసుకుంటూ దిగి కింద గట్టి నేల దొరికితే సాగిపోతుంది, దొరక్కపోతే ఇరుసు దాకా కూరుకుపోతుంది. వెడల్పు కమ్మికి ఆ భయం తక్కువే, కానీ ఎద్దుల మీద బరువు ఎక్కువ. చక్రం ఎత్తు విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. మనిషి ఛాతీ దాకా వచ్చే చక్రమైతే బండిబాట గుంతల్లో పడినా ఎద్దులు ఒక్క లాగుతో బయటికి తీస్తాయి. చిన్న చక్రం అదే గుంత అంచుకు గోడకు ఆనినట్టు ఆగిపోతుంది.

ఈ ఏర్పాటును కదిలించింది నీరు. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాం సాగర్ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. నిజాం ప్రభుత్వ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు దానితో విడదీయలేనంతగా కలిసిపోయింది. ఆయన జన్మదినమైన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని తలపెట్టిన ఆ ప్రాజెక్టు ప్రధాన కాలువ బాన్సువాడ ప్రాంతం మీదుగానే బోధన్, నిజామాబాద్ వైపు సాగింది. కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు ఎన్నో వలస వచ్చి వర్ని, రుద్రూర్, బాన్సువాడ, బోధన్ పరిసరాల్లో భూములు కొని క్యాంపులు కట్టుకున్నాయి. ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంప్ అన్న మాట నిలిచి ఉంది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. జొన్న, పెసర పండిన చోట వరి, చెరకు పెరిగాయి.

పంట మారితే బండి బరువు మారుతుంది. ఎకరం జొన్నకు వచ్చే దిగుబడి ఒక బండిలో సర్దుకుపోతుంది. ఎకరం చెరకును ఎన్నో బండ్లు తోలాలి. కోసిన చెరకు ఎండలో ఉన్నకొద్దీ రసంలో చక్కెర తగ్గిపోతుంది కాబట్టి ఆలస్యం కూడా పనికిరాదు. టన్ను లోపు బరువుకు అలవాటుపడిన కట్టె చక్రం మీద ఎక్కువ బరువు, ఎక్కువ దూరం, ఎక్కువ తొందర ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

రోడ్డుకు ఇది ఇంకా కష్టమైంది. బండి బరువంతా రెండు సన్నని ఇనుప అంచుల మీద నిలుస్తుంది. కంకర రోడ్డు మీద ఆ అంచు రాళ్లను పిండి చేస్తుంది, వానలకు ఆ పిండి కొట్టుకుపోతుంది, బండ్లన్నీ ఒకే జాడలో నడవడంతో ఆ జాడ కాలువలా లోతవుతుంది. ఇది బాన్సువాడ ఒక్కదాని బాధ కాదు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తొలి రోజుల నుంచీ ఎద్దుల బండి ఇనుప చక్రం రోడ్డింజనీర్లకు తలనొప్పిగానే ఉంది. బండ్ల కోసం రోడ్డు పొడుగునా రెండు కాంక్రీటు పట్టీలు పరిచే పద్ధతిని దేశంలో కొన్నిచోట్ల పరీక్షించారు కూడా. బండి చక్రాన్ని మార్చాలా, రోడ్డును మార్చాలా అన్నది అప్పటి చర్చ. బండి రైతుది, రోడ్డు సర్కారుది. ఎవరి చేతిలో డబ్బుంటే మార్పు వారి నుంచి మొదలవుతుంది. పల్లె రైతు చేతిలో ఆ డబ్బు లేదు.

గాలి నింపిన రబ్బరు టైరు అప్పటికే పాత వస్తువు. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు, కానీ అది వాడుకలోకి రాలేదు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ సైకిల్ కోసం మళ్లీ కనిపెట్టాకే ప్రపంచం దాన్ని పట్టించుకుంది. డన్‌లప్ కంపెనీ 1898లో బొంబాయిలో కార్యాలయం తెరిచి, 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. నిజాం రాష్ట్రంలో రైల్వే ఆధ్వర్యంలోని రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మారుమూల ఊళ్ల జనానికి రబ్బరు టైరును కళ్లారా చూపించింది చాలావరకు బస్సులూ లారీలే. అదే దశాబ్దంలో ఎద్దుల బండ్ల కోసం ప్రత్యేకంగా చేసిన టైర్లు, వాటికి సరిపడే ఇనుప ఇరుసులు దేశంలో ప్రచారంలోకి వచ్చాయి. ఉత్తరాదిన ఆ బండికి డన్‌లప్ బండి అనే పేరు నిలిచిపోయింది. తెలుగు పల్లెల్లో అది టైరు బండి.

అంతలో యుద్ధం వచ్చింది. 1942 మొదట్లో మలయా, సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో ప్రపంచానికి రబ్బరు అందించే తోటల్లో పెద్ద భాగం శత్రువు వశమైంది. భారతదేశంలో టైర్లకు రేషన్ పెట్టారు. ఉన్న రబ్బరంతా సైన్యం లారీలకు పోతుంటే ఎద్దుల బండికి టైరు అడిగే దారే లేదు. టైరు బండి పల్లెల్లోకి బాగా చొచ్చుకొచ్చింది స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లోనే. అప్పుడూ కొత్త టైరు కొన్నవారికన్నా లారీకో జీపుకో అరిగిపోయిన టైరును, పాత ఇరుసును చేర్చి బండి కట్టించుకున్నవారే దేశమంతటా ఎక్కువ. లారీకి పనికిరాని టైరు గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఈ లెక్క రైతు కట్టుకున్నది, దానిలో తప్పు లేదు.

బండి టైరుకు ఇప్పటికీ ఎక్కువగా వినిపించే కొలత 8.00-19. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది లోపలి రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. పైనా కిందా టైరు మందం కలుపుకుంటే చక్రం మొత్తం ఎత్తు మూడడుగులకు ఒక అంగుళం తక్కువగా వస్తుంది. ఐదడుగులకు దగ్గరగా ఉండే కట్టె చక్రం పక్కన అది పొట్టిది. పొట్టి కావడం వల్ల బండి మంచం కిందికి దిగింది, మూటలు ఎత్తడం సులువైంది. ఇరుసుకు బేరింగులు ఉండటంతో కందెన పూసే పని తగ్గింది. మెత్తని నేల మీద వెడల్పాటి టైరు బరువును పరచడం వల్ల అదే ఎద్దుల జత రెండు టన్నుల దాకా లాగగలిగింది. గట్టి రోడ్డు మీద మాత్రం ఇనుప కమ్మికీ రబ్బరుకూ లాగే శ్రమలో తేడా అంతగా లేదు. రబ్బరు వల్ల అక్కడ అసలు లాభపడింది రోడ్డు, కుదుపు తగ్గిన సరుకు, మనుషులు.

నష్టాలూ ఉన్నాయి. చక్రం తేలికగా దొర్లడంతో దిగుడులో బండి ఎద్దుల మెడ మీదికి తోసుకొచ్చేది. పాత బండి ఇరుసు రాపిడే దానికి బ్రేకుగా పనిచేసేదని అప్పుడు తెలిసొచ్చింది. నల్లతుమ్మ ముల్లు గుచ్చుకుంటే ట్యూబు పోతుంది. అంతకు ముందు చక్రానికి కట్టె ఇచ్చిన చెట్టే ఇప్పుడు చక్రానికి శత్రువైంది. పంక్చరు వేయించాలంటే ఊరి కమ్మరి పనికిరాడు, బజారుకు పోవాలి, నగదు ఇవ్వాలి. లోతైన రేగడి జాడల్లో పొట్టి చక్రం బండి అడుగు నేలకు రాసుకునేది. అందుకే టైరు బండ్లు వచ్చాక కూడా ఎత్తు చక్రాల బండ్లు చాలా ఏళ్లు పక్కపక్కనే నడిచాయి. రోడ్డు పని ఎక్కువున్నవాడు టైరు వేశాడు, పొలం పని ఎక్కువున్నవాడు కమ్మిని వదల్లేదు. వెనకబాటుతనం వల్లే పాత చక్రం మిగిలిందని రాసేవారు ఈ వివేకాన్ని చూడలేదు. 1970ల చివర ఐఐఎం బెంగళూరు తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి దేశంలో కోటిన్నర దాకా ఉన్నట్టు అంచనా వేసిన బండ్ల గురించి పట్టుబట్టి చెప్పింది కూడా దాదాపు ఇదే. బండిని మూలన పడేయకుండా దాని చక్రాన్ని, ఇరుసును, కాడిని మెరుగుపరచమని ఆయన వాదించాడు. పక్కనున్న మహారాష్ట్రలో చెరకు తోలే టైరు బండ్లు నేటికీ కనిపిస్తాయి. బాన్సువాడ వైపు ఆ అవకాశం రాకముందే ట్రాక్టరు వచ్చింది.

ట్రాక్టరుకు రబ్బరు టైరు ఎలా వచ్చిందో చెప్పాలంటే అమెరికా పందేల మైదానాలకు వెళ్లాలి. 1930ల దాకా ట్రాక్టరు చక్రాలు ఇనుపవి, వాటి చుట్టూ పళ్లు. పొలంలో పట్టు దొరికేది, రోడ్డెక్కితే రోడ్డు చీరుకుపోయేది. 1932లో అల్లిస్ చామర్స్ కంపెనీ తన మోడల్ యు ట్రాక్టరుకు గాలి టైర్లు వేసి అమ్మకానికి పెట్టింది. మెత్తని రబ్బరు పొలంలో పట్టునిస్తుందంటే రైతులు నమ్మలేదు. నమ్మించడానికి కంపెనీ పేరున్న కారు రేసర్లను తెచ్చి, సంతల్లో ట్రాక్టరు పందేలు పెట్టించింది. 1933లో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ ఆ ట్రాక్టరును గంటకు 64 మైళ్లకు పైగా వేగంతో నడిపి చూపించాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి అక్కడ కొత్త ట్రాక్టర్లలో ఎక్కువ భాగం రబ్బరు మీదే వస్తున్నాయి.

భారతదేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాద్‌లోని ఐషర్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. మద్రాసులో టాఫే, బొంబాయిలో మహీంద్రా, ఉత్తరాన ఎస్కార్ట్స్ ఆ తర్వాతి కొద్ది ఏళ్లలో తయారీ మొదలుపెట్టాయి. కాలువ నీళ్లున్న ప్రాంతాల్లో, హరిత విప్లవపు పొట్టి వరి వంగడాలు వచ్చాక, ట్రాక్టరు నిలదొక్కుకుంది. అప్పటి నుంచి టైరు ఎంపిక రైతు ఇంటి లెక్కల్లో పెద్ద పద్దుగా మారింది. డీజిల్ తర్వాత ట్రాక్టరు తినే ఖర్చుల్లో ముందు వరసలో ఉండేది వెనక టైర్ల జతే.

మధ్యరకం ట్రాక్టరుకు వెనక 13.6-28 లేదా 14.9-28, ముందు 6.00-16 కొలతలు సాధారణం. వెనక టైరు మీద గొడ్డలి గుర్తుల్లా ఏటవాలుగా లేచి ఉండే దిమ్మెలే నేలను పట్టుకునేవి. అవి తిరిగే దిశలో వేస్తేనే బురదను పక్కలకు తోసి తమను తాము శుభ్రం చేసుకుంటాయి, తిరగేసి వేస్తే బురదను పోగేసుకుని నున్నగా అయిపోతాయి. పొలంలో గాలి 12 నుంచి 14 పౌండ్లు ఉంటే టైరు పరుచుకుని పట్టు చిక్కుతుంది. అదే గాలితో నిండు ట్రాలీని రోడ్డు మీద లాగితే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. ప్రతిసారీ గాలి మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. చివరికి రోడ్డుకు సరిపడే గాలే ఏడాది పొడుగునా మిగులుతుంది, పొలంలో చక్రం జారుతుంది, జారినంత మేరా దిమ్మెలు అరుగుతాయి, డీజిల్ కాలుతుంది. దీనికి చవకైన మందు టైరులో నీళ్లు. ట్యూబులో ముప్పావు వంతు నీళ్లు నింపితే 13.6-28 టైరు ఒక్కోటి రెండొందల కిలోల దాకా అదనపు బరువుతో నేలను నొక్కుతుంది. ఇనుప బరువులు కొనాల్సిన పని లేకుండా పొలం పట్టు దక్కుతుంది. ట్రాలీ పని రోజుల్లో ఆ బరువును ఊరికే మోయడం దీనికి ధర.

ఇంత చేసినా వరిమడి దగ్గర రబ్బరు ఓడిపోతుంది. దమ్ము చేసే మడిలో అడుగు నేల దొరకదు, దిమ్మెల మధ్య బంకమట్టి నిండి టైరు నున్నగా తిరుగుతుంది. మంజీర కాలువల కింద ఈ ఇబ్బంది ఏటా వానాకాలం, యాసంగి నాట్లకు ముందు రెండుసార్లు ఎదురవుతుంది. దానికి పరిష్కారంగా వచ్చిందే కేజీ వీల్. ఇనుప కడ్డీలను పంజరంలా వలయాలకు అతికిన చక్రం అది. టైరు తీసి దాని బదులు బిగించేది ఒక రకం, టైరు పక్కన అదనంగా బిగించేది ఇంకో రకం. పక్కన బిగించేది చవక, మార్చడం కూడా కొంత తేలిక. పంజరం బురద మీద బరువును పరిచి తేల్చుతుంది, కడ్డీలు తెడ్లలా మట్టిని నెడుతూ ముందుకు తోస్తాయి, తిరుగుతూనే మట్టిని మెత్తగా నలిపి దమ్ములో సగం పని తామే చేస్తాయి. స్థానిక వెల్డింగు దుకాణంలోనే చేయించుకోవచ్చు. నేల కోసం, తక్కువ ధర కోసం పుట్టిన చక్రాల్లో ఇంత తెలివైనది అరుదు.

చిక్కు రోడ్డు మీద వస్తుంది. ఒక రైతు మడి నుంచి ఇంకో రైతు మడికి పోవాలంటే మధ్యలో తారు రోడ్డు దాటాలి, కొన్నిసార్లు దాని మీదే కిలోమీటర్లు నడవాలి. నాట్ల రోజుల్లో గంట కిరాయికి నడిచే ట్రాక్టరుకు ప్రతి ఊరి మలుపులో బోల్టులు విప్పి చక్రాలు మార్చడమంటే సంపాదన పోవడమే. కడ్డీలు తారును పొడిచి, పెళ్లలుగా లేపుతాయి. ఏటా నాట్ల కాలంలో తెలంగాణ జిల్లాల్లో అధికారులు కేజీ వీల్ ట్రాక్టర్లు రోడ్డెక్కితే జరిమానా తప్పదని ప్రకటిస్తారు, పంచాయతీలు తీర్మానాలు చేస్తాయి, అయినా వానలు ముగిసేసరికి కొత్త రోడ్డు మీద కడ్డీల గాట్లు కనిపిస్తూనే ఉంటాయి. 1930లలో కమ్మి చక్రం మీద రోడ్డింజనీర్లు చేసిన ఫిర్యాదుకీ దీనికీ పోలిక స్పష్టంగానే ఉంది. ట్రాక్టరు యజమానిని దోషిగా నిలబెట్టడం తేలిక. అతనికి కిరాయి ఇచ్చే రైతు చక్రం మార్చే అరగంటకు డబ్బు కట్టడు, కట్టగలిగే స్థితిలో కూడా చాలామంది లేరు. ఆ అరగంట విలువను ఎవరూ కట్టకపోతే దాన్ని రోడ్డే కడుతుంది.

కొత్త టైరు కొనలేని చోట అరిగిన టైరుకు మళ్లీ ప్రాణం పోసే వ్యాపారం పెరిగింది. టైరు ధరలో ఎక్కువ భాగం లోపలి నైలాన్ పొరలు, రిమ్మును పట్టే తీగ ఉన్న కేసింగ్‌లో ఉంటుంది. అరిగేది పైనున్న రబ్బరు పొర. ఆ పొరను గీకి కొత్తది అతికితే కొత్త టైరు ధరలో కొంత భాగానికే టైరు తయారవుతుంది. వేడి పద్ధతిలో పచ్చి రబ్బరును అతికి అచ్చులో 150 డిగ్రీల దాకా ఉడికిస్తారు. చల్ల పద్ధతిలో ముందే ఉడికి గీతలు పడిన రబ్బరు పట్టీని 100 డిగ్రీల ప్రాంతంలో అతికిస్తారు. రెండోదానిలో కేసింగ్‌కు వేడి దెబ్బ తక్కువ. దేశంలో అతిపెద్ద టైరు కంపెనీగా ఎదిగిన ఎంఆర్ఎఫ్ కూడా 1946లో మద్రాసు దగ్గర బొమ్మ బెలూన్లతో మొదలై, 1952లో ఇలా అతికే ట్రెడ్ రబ్బరు తయారీలోకి దిగి, ఆ పునాది మీదే 1961లో టైర్లలోకి అడుగుపెట్టింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి ఇప్పుడు బాన్సువాడకు దక్షిణాన సదాశివపేటలో ఉంది. ఆర్టీసీ కూడా సొంత రీట్రేడింగ్ షాపులు నడుపుతుంది. ముందు చక్రాలకు కొత్త టైర్లు, వెనక జతలకు మళ్లీ అతికినవి అన్నది బస్సు, లారీ నడిపేవారందరికీ తెలిసిన నియమం. ముందు టైరు పగిలితే స్టీరింగ్ చేజారుతుంది, వెనక జతలో ఒకటి పోయినా పక్కది నిలబెడుతుంది.

పాత ట్రాక్టరు టైరును కొనే తెలివైన రైతు చేతులతో చూస్తాడు. ముందు దిమ్మెల ఎత్తు, తర్వాత దిమ్మె మొదట్లో వేలు పెట్టి పగుళ్లు. దిమ్మె పైన కోతలు ఉంటే పరవాలేదు, మొదట్లో పగులు ఉంటే నీళ్లు లోపలి పొరల్లోకి దిగినట్టే. ఆపైన రిమ్ముకు ఆనే అంచును లోపలి నుంచి తడుముతాడు. తీగ బయటపడిన టైరు ఎంత చవకైనా పనికిరాదు. పక్క గోడ మీద సన్నని వల లాంటి పగుళ్లు కనిపిస్తే అది పని వల్ల అరిగింది కాదు, ఎండలో నిలబడి ముసలిదైపోయింది. తయారైన కాలాన్ని పక్క గోడ మీద అచ్చువేసిన నాలుగంకెలు చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. దిమ్మెలు నిండుగా ఉన్న పదేళ్ల టైరు కన్నా సగం అరిగిన మూడేళ్ల టైరు మేలు. ఈ ఒక్క సంగతి తెలియక నష్టపోయినవారు ఊరూరా ఉంటారు.

పందేలకు, జాతరలకు బండి వేరే లెక్క. బాన్సువాడకు ఎగువన ఇదే మంజీర ఒడ్డున ఏడుపాయల వనదుర్గామాత జాతర శివరాత్రికి మూడు రోజులు జరుగుతుంది. రెండో రోజు బండ్లు తిరగడం దానిలో ముఖ్య ఘట్టం. అలంకరించిన ఎద్దుల బండ్లు గుడి చుట్టూ తిరుగుతాయి, వాటి వెంట ఇప్పుడు ట్రాక్టర్లూ తిరుగుతున్నాయి. ఎద్దుల బండి పందేల మీద 2014 మే 7న సుప్రీంకోర్టు నిషేధం పెట్టింది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తెచ్చిన సవరణ చట్టాలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఆ పందేల్లో నడిచే బండి చక్రాలు సరుకు బండివి కావు, బరువు వీలైనంత తగ్గించినవి.

ఇటీవలి మార్పు కోతల్లో వచ్చింది. వరి కోత యంత్రాలు బాన్సువాడ ప్రాంతంలో రెండు రకాలుగా తిరుగుతాయి, వాటిని టైర్ మిషన్, చైన్ మిషన్ అంటారు. యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో కోతకు వచ్చేసరికి మడి ఎండి ఉంటుంది కాబట్టి టైర్ మిషన్ చాలు. వానాకాలం పంట కోతకు వచ్చే అక్టోబరు, నవంబరుల్లో అకాల వాన పడితే మడి తడిగా ఉంటుంది, పైరు పడిపోతుంది, టైర్ మిషన్ దిగితే బయటికి రాదు. అప్పుడు రబ్బరు పట్టాల మీద నడిచే చైన్ మిషన్ కావాలి. బరువును పొడుగాటి పట్టా అంతటా పరచడం వల్ల అది తడి మడిలో తేలుతుంది. దాని గంట కిరాయి ఎక్కువ. పొలం ఆరే దాకా ఆగితే కిరాయి కలిసొస్తుంది, ఆగిన రోజుల్లో మళ్లీ వాన పడితే గింజ మొలకెత్తుతుంది. ఏ చక్రం అన్న పాత ప్రశ్న ఇక్కడ ఏ రోజు అన్న ప్రశ్నతో ముడిపడింది. చైన్ మిషన్‌ను రోడ్డు మీద దూరం నడిపితే పట్టాలు త్వరగా అరిగిపోతాయి, అందుకే ఊరి నుంచి ఊరికి లారీ ఎక్కించి తీసుకెళ్తారు. ఆ లారీ ఖర్చు కిరాయిలోనే కలిసి ఉంటుంది, కోయించుకునే రైతే దాన్ని కడతాడు.